ఇల్లాలే పడిపోతే?



ఇంట్లో థర్మామీటరు ఎక్కడుందో మనకే తెలుసు. మామగారి బి.పి. మాత్ర ఏ వేళకి వెయ్యాలో, పిల్లవాడికి ఏ మందు పడదో మనకే తెలుసు. మరి మనమే పడిపోతే? కిందటేడు శ్రావణ శుక్రవారం దాకా ఆ ఆలోచనే నాకు రాలేదు.

నాకు షుగరు వుంది. ఆ ఉదయం అలవాటు కొద్దీ మాత్ర వేసుకుని, వ్రతం అయ్యేదాకా ఏమీ తినకూడదని కూర్చున్నాను. కలశం ముందే చెమటలు పోసి, చేతులు వణికి, ఒరిగిపోయాను. మిగతాదంతా తరవాత విన్నదే. అత్తగారు కంగారులో నా నోట్లో పంచదార నీళ్ళు పొయ్యబోతే, పక్కింటి పిన్నిగారు ఆపారట. మెలకువగా వుండి మింగగలిగితే మూడు నాలుగు చిన్న చెంచాల పంచదార కలిపిన నీళ్ళు తాగించవచ్చు. స్పృహ లేనప్పుడు మాత్రం నోట్లో ఏదీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి.

మావారు 108కి ఫోను చేసి కాలనీ పేరు చెప్పారుగాని, ఇంటి గుర్తు చెప్పలేదు. బండి పక్క వీధిలో తిరిగింది. ఆస్పత్రిలో డాక్టరుగారు "ఏం మందులు వాడతారు?" అంటే, ఈయన "ఏదో తెల్లమాత్రండీ" అన్నారట! ఇరవై రెండేళ్ళ కాపురం. అయినా ఆయన తప్పేముంది, నేనెప్పుడు చెప్పాను గనక?

ఇంటికొచ్చాక చేసిన మొదటి పని, ఒక అట్ట మీద అందరి పేర్లు, వయసు, జబ్బులు, మందులు, మోతాదు, పడని మందులు, బ్లడ్ గ్రూపు రాయడం. అడుగున చిరునామా, దగ్గరి గుర్తు, డాక్టరుగారి నంబరు రాసి ఫ్రిజ్‌కి అంటించాను. మందు మారితే అట్టా మారాలి సుమండీ!

108 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది. దానికి డబ్బివ్వనక్కర్లేదు. సెల్‌ఫోను లాకు తియ్యడం రాకపోయినా దాన్నుంచి 112కి చెయ్యవచ్చు. ఈ సంగతి పిల్లలకి నేర్పండి. అవతలివాళ్ళు చాలనేదాకా ఫోను పెట్టెయ్యకూడదు. ఒకరు వీధి మొగలో నిలబడాలి. గేటు తాళం ఎప్పుడూ ఒకే మేకుకి వుండాలి. పెద్దవాళ్ళు స్నానాలగదికి లోపల గడియ వేసుకోకుండా చూడండి.

మూతి వంకరపోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా పక్షవాతమేమోనని వెంటనే బయల్దేరాలి. అది ఎన్ని గంటలకి మొదలైందో రాసుకోండి. రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. గుండె బరువెక్కి చెమటలు పడితే గ్యాసనుకుని సోడా తాగి కూర్చోకండి. ఆడవాళ్ళకి ఒక్కోసారి గుండెపోటు ఆయాసం, వికారం, నీరసం రూపంలోనే వస్తుంది.

ఇక ఆఖరుది. ఓ ఆదివారం టిఫిన్లయ్యాక "అమ్మ పడిపోయింది, ఏం చేస్తారు?" అని అడిగాను. అందరూ నవ్వారు. మా చిన్నది "నాన్నని పిలుస్తా" అంది. "నాన్న ఆఫీసులో వున్నారే!" అన్నాను. నవ్వులు ఆగిపోయాయి. నాలుగు ఆదివారాలు తిరిగేసరికి అది చిరునామా గుర్తుతో సహా గడగడా చెప్పేసింది.

ఈ ఏడూ వ్రతం చేసుకున్నాను. డాక్టరుగారిని ముందే అడిగి, మాత్ర వేళ మార్చుకుని, పాలూ పళ్ళూ తీసుకునే కూర్చున్నాను. అమ్మవారికి కోపం వచ్చిందనుకోను. ఈ ఆదివారం మీ ఇంట్లోనూ ఆ ప్రశ్న అడిగి చూడండి.