రంగు చేపలకు నల్ల నేల

మలేషియాలో కొబ్బరి, పామాయిల్ తోటల మధ్య ఉన్న సుంగై సుమున్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. అక్కడి నుంచి ఆగ్నేయంగా వెళ్లి బెర్నం నది దాటితే ఉత్తర సెలాంగోర్ చిత్తడి అడవి వస్తుంది. రాలిన ఆకులు, కొమ్మలు పూర్తిగా కుళ్లకుండా తరతరాలుగా పేరుకుపోయిన పీట్ నేల అది. నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉంటాయి. ఇంట్లో చిన్న అక్వేరియం పెట్టాలనుకునేవాళ్లు చేపల దుకాణానికి వెళ్లేముందు తెలుసుకోవలసింది ఈ నీళ్ల గురించే.

మలయా ద్వీపకల్పంలో ఇలాంటి నీళ్లలో పుట్టి ప్రపంచమంతా తిరిగిన చేప హార్లెక్విన్ రాస్బోరా. 1904లో జర్మన్ శాస్త్రవేత్త జార్జ్ డుంకర్ దీన్ని వర్ణించి పేరుపెట్టాడు. నాలుగైదు సెంటీమీటర్ల రాగిరంగు ఒంటిమీద నల్లటి ముక్కోణపు మచ్చ ఉంటుంది. ఒంటరిగా ఉంచితే బెదిరిపోతుంది. కనీసం ఎనిమిది కలిసి ఉంటేనే హాయిగా ఈదుతుంది.

దుకాణంలో ముందు కంటపడేవి మాత్రం నీలం, గులాబీ రంగులద్దిన రాళ్లు. పిల్లలు వాటినే అడుగుతారు. కానీ అడుగు లేతగా, మెరుస్తూ ఉంటే చాలా చేపలు తమ రంగు తగ్గించుకుంటాయి. చర్మంలోని రంగు కణాలలో వర్ణకం మధ్యకు ముడుచుకుని ఒళ్లు పాలిపోతుంది. శత్రువు కంట పడకుండా ఉండేందుకు ప్రకృతి ఇచ్చిన ఉపాయమిది. ముదురు అడుగు మీద అదే వర్ణకం పరుచుకుంటుంది. డబ్బు పెట్టి కొన్న రంగు కనిపించాలంటే నల్లటి లేదా ముదురు గోధుమరంగు గులకే మేలు.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టికి నాలుగు సెంటీమీటర్ల మందాన పరచడానికి పది పన్నెండు కిలోలు పడుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల నునుపు గులక అయితే మురికి లోతుకు దిగదు. గవ్వలు, పగడపు ముక్కలు వద్దు. వాటిలోని సున్నం కరిగి నీళ్లను గట్టిపరుస్తుంది, హార్లెక్విన్‌కు మెత్తటి నీళ్లే కావాలి. అనుమానముంటే రాయి మీద వినిగర్ చుక్క వేసి చూడాలి. బుడగలొస్తే పక్కన పెట్టాలి. అడుగున దూరే కుహ్లీ లోచ్ లాంటి చేపలకైతే గులక బదులు సన్నని ఇసుక పరచాలి, గరుకు రాళ్లు వాటి ఒంటిని గీరతాయి.

మలేషియాలో కెతాపాంగ్ అనే బాదం చెట్టు ఆకులు ఎండినవి రెండు వేస్తే నీళ్లకు అడవి రంగు వస్తుంది. పురుగుమందు తగలని చెట్టువైతేనే వేయాలి.

ఆ ఉత్తర సెలాంగోర్ చిత్తడి అడవిలో ఉండే మరో చేప బెట్టా లివిడా. ఎర్రటి ఒంటిమీద మెరిసే ఆకుపచ్చ మచ్చతో చాలా అందంగా ఉంటుంది. అడవి తరుగుతున్నకొద్దీ దానికి ముప్పు పెరుగుతోంది. అడవిలో పట్టినదాన్ని కొనకుండా ఫారాల్లో పెంచిన హార్లెక్విన్‌లు తీసుకోవడమే న్యాయం.

గులక పరిచిన రోజే చేపలు వేయకూడదు. వాటి వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను మార్చే సూక్ష్మజీవులు ఫిల్టర్‌లోనూ, ఆ రాళ్ల మీదా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతకాలం ఫిల్టర్ నడుస్తూ ఉండాలి, చిటికెడు చేపల మేత వేస్తూ ఉండాలి. పరీక్ష కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపాక ముందు ఐదారు చేపలు, రెండు వారాల తర్వాత మిగతావి వేయవచ్చు.