రోజుకొక్క మాట

ప్రేమ, కృతజ్ఞత, ఆత్మపరిశీలన... వినడానికి పెద్ద మాటలు. కానీ వీటిని రోజూ రెండు వాక్యాల్లో రాసుకుని కష్టకాలాన్ని దాటినవాళ్లున్నారు. వాళ్లలో చక్రవర్తి ఉన్నాడు, రచయిత ఉన్నాడు, పదకవి ఉన్నాడు, మహాత్ముడూ ఉన్నాడు.

ఉదయం ఫోను చేతిలోకి తీసుకోగానే పలకరించేది మంచిమాటే. ఉదయించే సూర్యుడు, పక్కన ఓ గులాబీ, మధ్యలో ప్రేమ గురించో సహనం గురించో రెండు వాక్యాలు. పెదనాన్న పంపుతారు. మేనత్త పంపుతుంది. పదేళ్ల కిందట ఒకే ఆఫీసులో పనిచేసిన మిత్రుడూ పంపుతాడు. అందుకున్నవాళ్లు ఓ దణ్ణం బొమ్మ పెట్టి, దాన్నే మరో నలుగురికి పంపేస్తారు. మధ్యాహ్నానికి ఆ మాటేమిటో పంపినవాళ్లకీ గుర్తుండదు, చదివినవాళ్లకీ గుర్తుండదు.

ఫోన్లు రాకముందూ ఈ అలవాటు ఉంది. బడిలో నల్లబల్ల పైభాగాన సుద్దముక్కతో 'నేటి సూక్తి' రాసేవారు. ప్రార్థన వేళ ఓ పిల్లాడు ముందుకొచ్చి దాన్ని గట్టిగా చదివేవాడు. ఇంట్లో గోడ క్యాలెండరు కాగితం చింపితే తిథి, నక్షత్రం, రాహుకాలంతోపాటు కింద ఓ హితవాక్యం కనిపించేది.

రోజుకో మంచిమాట... ఇంతకీ దీనివల్ల ఏమైనా ఒరుగుతుందా? ఒరుగుతుందనే చెబుతోంది చరిత్ర. కాకపోతే చదివి వదిలేసినవాళ్లకన్నా కూర్చుని రాసినవాళ్లకే ఎక్కువ!

శిష్యుడి కన్నీళ్లు తుడవడానికి...

ఆనంద్ హింగోరానీది సింధ్ ప్రాంతం. గాంధీజీ రచనల్ని సేకరించి, అంశాలవారీగా పుస్తకాలు తెచ్చిన శిష్యుడు. 1943 జులై 20న ఆయన భార్య విద్య చనిపోయారు. ఆనంద్ ఆ దుఃఖంలోంచి బయటపడలేకపోయారు.

అప్పటికి గాంధీజీ పుణెలోని ఆగాఖాన్ ప్యాలెస్‌లో బందీగా ఉన్నారు. పేరుకు ప్యాలెస్. ఆయనకు మాత్రం అది రెండు మరణాల ఇల్లు. లోపలికి వెళ్లిన వారంలోపే, 1942 ఆగస్టు 15న, కన్నకొడుకులా చూసుకున్న కార్యదర్శి మహదేవ్ దేశాయ్ కన్నుమూశారు. 1944 ఫిబ్రవరి 22న కస్తూర్బా వెళ్లిపోయారు. అరవై ఏళ్లు దాటిన కాపురం వాళ్లది. ఆ మే 6న ఆయన్ని విడుదల చేసేనాటికి ఆరోగ్యం బాగా దెబ్బతింది.

అలాంటి మనిషి, తనలాగే భార్యను పోగొట్టుకున్న శిష్యుడి కోసం కలం పట్టారు. 1944 నవంబరు 20 నుంచి రోజుకో మాట చొప్పున రాయడం మొదలుపెట్టారు. పెద్ద పెద్ద ఉపదేశాలేమీ కావు. హిందీలో, చాలావరకూ రెండు మూడు వాక్యాలు. భగవన్నామం, సత్యం, సేవ, మౌనం, మరణం... ఇవే విషయాలు. ఒక్కో తేదీకి ఒక్కోటి.

ఆ రోజులు ఎలాంటివో గుర్తుచేసుకుంటే దీని విలువ తెలుస్తుంది. 1945లో సిమ్లా సమావేశం. 1946లో కేబినెట్ మిషన్ చర్చలు. అదే ఏడాది ఆగస్టులో కలకత్తా నెత్తురోడింది. దేశం ముక్కలయ్యేలా ఉంది. క్షణం తీరిక లేని ఆ డెబ్భై అయిదేళ్ల పెద్దాయన దాదాపు రెండేళ్లపాటు ఈ పని ఆపలేదు. ఒక్క మనిషి ఓదార్పు కోసం!

ఆ మాటలన్నిటినీ తర్వాత హింగోరానీ 'బాపూ కే ఆశీర్వాద్' పేరుతో పుస్తకంగా తెచ్చారు. ఓదార్పు అందుకున్నది ఆనంద్. మరి రాసిన ఆయనకు..? కస్తూర్బా లేని ఆ ఇంట్లో రోజూ ఆ రెండు వాక్యాలు రాయడం గాంధీజీకి మాత్రం ఊరట కాకుండా ఉంటుందా!

క్యాలెండరు కాగితాలు అయిపోతే...

గాంధీజీ ఎంతగానో గౌరవించిన రచయిత టాల్‌స్టాయ్. ఇద్దరి మధ్యా 1909, 1910 సంవత్సరాల్లో ఉత్తరాలు నడిచాయి. జోహన్నెస్‌బర్గ్ దగ్గర పెట్టిన ఆశ్రమానికి గాంధీజీ 'టాల్‌స్టాయ్ ఫామ్' అని పేరు పెట్టుకున్నారు. రోజుకో మాట పోగుచేయడంలోనూ టాల్‌స్టాయ్‌ది ముందు వరుసే.

'యుద్ధము-శాంతి', 'అన్నా కరెనినా' నవలలతో ప్రపంచమంతా పేరు పొందిన ఆ పెద్దాయన డెబ్భై అయిదేళ్లకు దగ్గరపడుతుండగా జబ్బుచేసి మంచం పట్టారు. గదిలో గోడకు రోజుకో కాగితం చింపే క్యాలెండరు ఉండేది. దాని మీది సూక్తులు చదువుతూ పొద్దుపుచ్చేవారు. ఏడాది ముగిసింది, కాగితాలూ అయిపోయాయి. అప్పుడాయన తనే రోజుకో మాట ఏరి పెట్టడం మొదలెట్టారు. అది 1903లో పుస్తకమైంది. తర్వాత దాన్నే పెంచి 'సర్కిల్ ఆఫ్ రీడింగ్' చేశారు. బుద్ధుడు, కన్ఫ్యూషియస్, లావోట్సే, సోక్రటీస్, మార్కస్ అరీలియస్... ఎవరి దగ్గర మంచి ఉంటే వాళ్ల మాట తీసుకున్నారు. వారానికో చిన్న కథ కూడా చేర్చారు. తన నవలలకన్నా ఇదే ముఖ్యమన్నట్టుగా చివరిదాకా దాన్ని దిద్దుతూనే ఉన్నారు.

మరి ఆ ఇంట్లో శాంతి నిండిందా? లేదు. ఆస్తి గురించి, రచనల హక్కుల గురించి భార్య సోఫియాతో తగవులు ముదిరాయి. 48 ఏళ్ల కాపురాన్ని వదిలి 82 ఏళ్ల వయసులో ఓ రాత్రివేళ ఇల్లు విడిచి వెళ్లిపోయారు. దారిలో జబ్బుపడి, 1910 నవంబరు 20న అస్తపొవొ అనే చిన్న రైల్వేస్టేషన్‌లో, స్టేషన్‌మాస్టరు ఇంట్లో కన్నుమూశారు. సోఫియా అక్కడికి వచ్చినా, ఆయన స్పృహ తప్పేదాకా ఆమెను లోపలికి రానివ్వలేదు. సరిగ్గా 34 ఏళ్ల తర్వాత అదే నవంబరు 20న గాంధీజీ కలం పట్టడం కేవలం యాదృచ్ఛికమే!

లోకమంతటి జ్ఞానాన్నీ ఏర్చి కూర్చిన మనిషికి ఇంట్లో మనిషితో రాజీ కుదరలేదు. రోజుకో మంచిమాట పోగేసేవాళ్లంతా తెలుసుకోవాల్సిన సంగతి ఇది. మాట గోడ మీద ఉంటే చాలదు. అది పక్కనున్న మనిషిదాకా చేరాలి.

చక్రవర్తి రాసిన రుణపత్రం

టాల్‌స్టాయ్ పేజీల్లో చోటు దక్కిన మార్కస్ అరీలియస్ క్రీ.శ. 161 నుంచి 180 వరకు రోమ్‌ను పాలించాడు. ఆయన హయాంలో సుఖంగా గడిచిన ఏళ్లు తక్కువ. ఓ పక్క లక్షల ప్రాణాలు తీసిన అంటువ్యాధి. మరోపక్క డాన్యూబ్ నది సరిహద్దుల్లో ఏళ్ల తరబడి యుద్ధం. ఇంట్లోనూ అంతే. పుట్టిన పిల్లల్లో సగానికి పైగా పసితనంలోనే పోయారు.

సైనిక శిబిరాల్లో గుడారంలో కూర్చుని ఆయన గ్రీకు భాషలో తన కోసం తాను కొన్ని మాటలు రాసుకున్నాడు. అవే ఇప్పుడు 'మెడిటేషన్స్' పేరుతో ప్రపంచమంతా చదువుతోంది. పొద్దున్నే లేవడానికి బద్ధకించే తనను తాను మందలించుకుంటాడు. ఈరోజు మేలు మరిచేవాళ్లూ, కయ్యానికి దిగేవాళ్లూ ఎదురవుతారని ముందే మనసుకు చెప్పుకుంటాడు. వాళ్లూ తనవాళ్లేనని గుర్తుచేసుకుంటాడు.

అన్నిటికన్నా అందమైనది మొదటి భాగం. అందులో ఉపదేశం లేదు. తనకు మేలు చేసినవాళ్ల పేర్లు, ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాడో ఆ సంగతులు... అంతే! తాత దగ్గర మంచి స్వభావం. తల్లి దగ్గర దైవభక్తి, ఇచ్చే గుణం. గురువుల దగ్గర తప్పు దిద్దుకోవడం. పెంచిన తండ్రి దగ్గర నిదానం. అప్పటి లోకంలో అందరికన్నా బలవంతుడు కూర్చుని, తను ఎవరెవరికి రుణపడి ఉన్నాడో లెక్క రాసుకున్నాడు.

తెలుగులో 'కృతజ్ఞత' అనే మాటకు అసలు అర్థమూ అదే. కృతం అంటే చేసినది. జ్ఞత అంటే తెలిసి ఉండటం. నోటితో 'థ్యాంక్స్' చెప్పడం తర్వాతి మాట. చేసిన మేలును ఎరిగి ఉండటం ముందు!

మన ఇంటి పదం

అంత దూరం దేనికి, తిరుమల కొండ మీదే ఉంది గొప్ప ఉదాహరణ. తాళ్లపాక అన్నమాచార్యులు పదహారేళ్ల వయసు నుంచి రోజుకొక్కటైనా సంకీర్తన చెప్పారని ప్రతీతి. రాగిరేకుల మీది శాసనం ప్రకారం ఆయన పాట 1424లో మొదలై 1503లో ముగిసింది. అంటే 79 ఏళ్లు. రోజుకొకటి లెక్కేసినా దాదాపు 29 వేలు. మనవడు చిన తిరువెంగళనాథుడు చెప్పిన సంఖ్య 32 వేలు. నియమం తప్పలేదనడానికి ఆ లెక్కే సాక్ష్యం. వందల ఏళ్లు ఆలయంలోని చిన్న అరలో ఉండిపోయిన ఆ రేకులు 1920ల్లో వెలుగు చూశాయి. ఇప్పుడు మనకు దొరుకుతున్నవి దాదాపు 14 వేల పాటలు.

అందులో శృంగార కీర్తనల నిండా ప్రేమే. అలమేలుమంగ అలకలు, వేంకటేశుడి బుజ్జగింపులు. అధ్యాత్మ కీర్తనల్లో మాత్రం చాలాచోట్ల తన మనసును తానే నిలదీసుకుంటారు, పొద్దంతా వృథా చేశానని వాపోతారు. రోజూ దేవుడికి పాడుతూనే రోజూ తనను తాను తూచుకోవడం... ఆత్మపరిశీలన అంటే ఇంతకన్నా ఏముంది!

లెక్కలు ఏమంటున్నాయంటే...

ఈ పాత అలవాటును శాస్త్రవేత్తలూ పరీక్షించారు. అమెరికాలో రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెక్‌కల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తల అధ్యయనం 2003లో వచ్చింది. సుమారు 200 మంది విద్యార్థుల్ని మూడు జట్లు చేశారు. ఆ వారంలో తాము రుణపడిన విషయాల్ని ఒక జట్టు రాయాలి. చిరాకు పెట్టినవాటిని రెండో జట్టు రాయాలి. జరిగిన సంగతుల్ని మూడో జట్టు రాయాలి. పది వారాల తర్వాత చూస్తే మొదటి జట్టువాళ్లకు జీవితం మీద తృప్తి, రేపటి మీద ఆశ ఎక్కువగా కనిపించాయి. వాళ్లు వ్యాయామమూ ఎక్కువ చేశారు. నరాలు, కండరాల జబ్బులున్నవాళ్లతో 21 రోజులపాటు రోజూ రాయించి చూస్తే వాళ్లకు నిద్ర మెరుగుపడింది.

2005లో మార్టిన్ సెలిగ్మన్ బృందం మరో పని చేయించింది. ఎన్నడూ సరిగ్గా కృతజ్ఞత చెప్పని మనిషికి ఉత్తరం రాసి, స్వయంగా వెళ్లి ఇవ్వాలి. ఇచ్చినవాళ్ల ఆనందం నెల రోజులపాటు నిలిచింది. ఆపైన తగ్గిపోయింది. రోజూ రాత్రి ఆరోజు జరిగిన మూడు మంచి విషయాలు, వాటికి కారణాలు రాసుకున్నవాళ్ల సంతోషం మాత్రం ఆరు నెలల తర్వాతా కనిపించింది. ముఖ్యంగా, చెప్పిన వారం గడిచాక కూడా మానకుండా రాసినవాళ్లలో! అన్నమయ్య నియమానికి ఆధునిక సాక్ష్యం అనుకోవచ్చు.

అలాగని ఇది సర్వరోగ నివారిణేం కాదు. దిగులు, ఆందోళనల మీద దీని ప్రభావం కొద్దిపాటిదేనని 2021లో వచ్చిన సమగ్ర విశ్లేషణ తేల్చింది. వారాల తరబడి నిద్ర పట్టక, బతుకు మీద ఆశ సన్నగిల్లితే వెళ్లాల్సింది డాక్టరు దగ్గరకే. నోటు పుస్తకం అక్కడ తోడు మాత్రమే.

మొదలుపెట్టాలంటే...

పిల్లల పాత నోటు పుస్తకంలో మిగిలిన కాగితాలు చాలు. వేళ ఒక్కటే పెట్టుకోండి. రాత్రి భోజనాలయ్యాక అయితే ఇంటిల్లిపాదికీ వీలు. రెండు వాక్యాలు మించొద్దు.

మొదటి వాక్యంలో ఓ మనిషి పేరు ఉండాలి. 'దేవుడు అన్నీ ఇచ్చాడు' అని రాస్తే రెండో రోజుకే విసుగొస్తుంది. 'కరెంటు పోతే అమ్మ అరగంటసేపు విసనకర్రతో విసిరింది' అని రాస్తే ఆ రోజు ఆ రోజుగానే గుర్తుండిపోతుంది. రెండో వాక్యం మన గురించి. ఎక్కడ మాట తూలాం, ఎక్కడ ఓర్చుకోగలిగాం... నిజమే రాయాలి. పిల్లలు రాసింది పెద్దలు దిద్దకూడదు. ఒకరోజు తప్పితే మర్నాడు మళ్లీ మొదలెట్టాలి.

మన ఇళ్లలో ఒకరికొకరు 'ధన్యవాదాలు' చెప్పుకోవడం తక్కువే. చెప్పినా 'నేనేమైనా పరాయిదాన్నా' అంటుంది అమ్మ. దానికి మనవాళ్లు వేరే దారులు పెట్టుకున్నారు. 'కడుపు నిండిందమ్మా' అనడం, వెళుతూ కాళ్లకు దణ్ణం పెట్టడం, 'నీ కడుపు చల్లగా' అని దీవించడం. ఆ మాటలు వాడుకలోంచి జారిపోతుంటే వాటి చోటు ఖాళీగానే ఉండిపోతోంది. రాసుకున్న వాక్యాన్ని వారానికోసారైనా ఆ మనిషికి చదివి వినిపిస్తే ఆ ఖాళీ కొంత పూడుతుంది.

మార్కస్ అరీలియస్ రుణపత్రం రాసేనాటికి అందులోని చాలామంది బతికి లేరు. తాత లేడు. తల్లి లేదు. పెంచిన తండ్రీ లేడు. చక్రవర్తి అయి ఉండీ ఆ మాట వాళ్లకు వినిపించలేకపోయాడు. మనం రాసుకునే పేర్లలో మాత్రం చాలామంది ఇప్పుడు పక్క గదిలోనే ఉన్నారు... టీవీ చూస్తూనో, రేపటి కూర తరుగుతూనో!