ఇనుప సామానుకు రంగు నిలవాలంటే

మా భద్రాచలం వైపు వారికి 2022 జూలై నెల మరపురానిది. ఆ నెల 16వ తేదీన గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడవ ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగుల దగ్గర. 1986లో 75.6 అడుగుల వరద చూసిన పెద్దలు ‘మళ్ళీ ఇన్నాళ్ళకు’ అన్నారు. నీరు తీసిన తరువాత ఇళ్ళలోకి వెళ్ళి చూస్తే గోడలు నిలిచాయి, సామాను మాత్రం బురదలో ఉంది. ట్రంకు పెట్టెలు, మంచాలు, పిల్లల సైకిళ్ళు, గడ్డపారలు అన్నీ వారం తిరగకుండానే ఎర్రబడ్డాయి.

మా సంఘంలో ఒక విధవరాలైన సహోదరి ఉన్నది. ఆమె ఇల్లు గడిచేది కుట్టుమిషను మీదనే. మిషను తలకాయను ఒక మెకానిక్కు విప్పి, నూనె పెట్టి బాగుచేశాడు. స్టాండు మాత్రం పోత ఇనుముది, అల్లిక పని ఉన్నది. రెండు కాళ్ళూ, కాలితో తొక్కే పలకా, చక్రమూ తుప్పుతో గరగరలాడుతున్నాయి. “దానికేముందమ్మా, రెండు స్ప్రే డబ్బాలు తెస్తాను, ఒక్క పూటలో కొత్తదాన్ని చేసి ఇస్తాను” అన్నాను. ఆమె “మీకెందుకు అయ్యగారూ శ్రమ” అని మొహమాటపడింది. నేను వింటేనా!

ఆగస్టు నెల ఒక శనివారం సాయంత్రం, వాన కాస్త తెరిపి ఇచ్చిన సమయంలో పని మొదలుపెట్టాను. కిరోసిను గుడ్డతో తుడిచాను, పైపైన గీకాను, నల్ల రంగు దట్టంగా కొట్టాను. ఆదివారం ఉదయానికి నిగనిగలాడుతున్నది. ఆరాధనకు వచ్చిన వారంతా మెచ్చుకున్నారు. నెల తిరగకుండా రంగు బొబ్బలు లేచింది. బొబ్బ పగిలితే లోపల ఎర్రటి పొడి. ఆ పొడి ఒకరోజు పెళ్ళికని కుట్టుతున్న తెల్లని గౌను అంచుకు అంటింది. మరక పోలేదు. గుడ్డ ఖరీదు ఆ సహోదరే ఇచ్చుకున్నది. ఆ సంగతి నాతో ఆమె చెప్పలేదు, వేరేవాళ్ళు చెప్పారు. నేను డబ్బు ఇస్తే పుచ్చుకోలేదు.

బైబిలు కళాశాలలో డిప్లొమా చదివాను గాని తుప్పు సంగతి అక్కడ ఎవరూ చెప్పలేదు. కొత్తగూడెంలో మోటారు సైకిళ్ళకు రంగులు వేసే ఒక పెద్దాయన దగ్గరకు వెళ్ళి, “అన్నా, ఎక్కడ తప్పు చేశాను?” అని అడిగాను. ఆయన నవ్వి, “పాస్టరుగారూ, మీరు ఇనుముకు రంగు వెయ్యలేదు, తుప్పుకు వేశారు” అన్నాడు. ఆ మాటలో అంతా ఉన్నది.

ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు కలిస్తే తుప్పు పుడుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పైన ఎంత మంచి రంగు ఉన్నా లోపలినుండి ఎత్తి పారేస్తుంది. తుప్పు పెళుసైనది, పొరలు పొరలుగా ఊడుతుంది. ఊడేదాన్ని పట్టుకున్న రంగు దానితోపాటే ఊడుతుంది. పైగా నేను కిరోసినుతో తుడిచి ఊరుకున్నాను. కిరోసిను తుప్పును వదులు చేస్తుంది నిజమే, కాని జిడ్డు పొర వదిలిపెడుతుంది. జిడ్డు మీద ఏ రంగూ అంటదు.

డిసెంబరులో, క్రిస్మస్ కుట్టుపని ఒత్తిడి మొదలు కాకముందే, స్టాండును మా ఇంటి పెరట్లోకి తెచ్చుకున్నాను. ఈసారి రంగు వేయడానికి పట్టినది ఒక్క రోజు, శుభ్రం చేయడానికి పట్టినది మూడు రోజులు. ఆ లెక్క తిరగబడితే పని చెడినట్టే.

మొదట బోల్టులు విప్పి భాగాలు వేరుచేశాను. బట్టల సబ్బుపొడి కలిపిన వేడినీళ్ళతో కడిగాను. అల్లిక సందుల్లో జూలైనాటి గోదావరి ఒండ్రు ఇంకా ఉన్నది! పాత పళ్ళు తోముకునే బ్రష్షుతో అదంతా తీశాను. తరువాత ఇనుప తీగల బ్రష్షు, ఆపైన 80వ నంబరు ఎమెరీ కాగితం, తరువాత 120, చివరకు 220. నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపవుతుంది. మరీ అద్దంలా నున్నగా చేయకూడదు, రంగుకు పట్టు ఉండాలి. చెయ్యి దూరని మూలల్లో మా అత్తగారు చెప్పినట్టు చింతపండు గుజ్జు పూసి కొంతసేపు ఉంచి రుద్దాను. ఇత్తడి బిందెలు తోమే ఆ పులుపే తుప్పునూ కరిగిస్తుంది. అయితే వెంటనే కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టకపోతే గంటలో మళ్ళీ ఎర్రబడుతుంది. తుప్పును నల్లని గట్టి పొరగా మార్చే ద్రావకాలు కూడా దుకాణాల్లో దొరుకుతాయి. అవి మూలలకు పనికివస్తాయి గాని గీకే పనికి బదులు కావు.

పాత రంగు గీకేటప్పుడు ఒక జాగ్రత్త. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పరిమితిని తగ్గిస్తూ 2016లో నియమాలు వచ్చాయి. అంతకు ముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువగా ఉండవచ్చు. అది పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది. కాబట్టి పొడిగా గీకకుండా కాగితాన్ని నీళ్ళలో తడిపి రుద్దండి, ఆ బురదను పాత కాగితంలో ఎత్తిపారేయండి, పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి.

ఆరిన తరువాత శుభ్రమైన గుడ్డను థిన్నరులో తడిపి తుడవాలి. జిడ్డు పోయిందో లేదో తెలియాలంటే ఒక చోట నాలుగు నీటి చుక్కలు చల్లి చూడండి. నీరు పలుచగా పరుచుకుంటే శుభ్రమైనట్టు, తామరాకు మీద మాదిరి ముత్యాలుగా నిలిస్తే మళ్ళీ తుడవాలి. చూశాక నీటిని పూర్తిగా ఆరనివ్వండి. అప్పటినుండి ఉత్త చేతితో తాకకూడదు, చేతికీ జిడ్డు ఉంటుంది.

తరువాత రెడాక్సైడు ప్రైమరు. ఇది ఇనుమును పట్టుకుంటుంది, పై రంగు దీన్ని పట్టుకుంటుంది. నేను సన్న బ్రష్షుతోనే వేశాను, సందుల్లోకి బాగా వెళ్ళాలని. నోవహు ఓడకు కీలు లోపలా బయటా కూడా పూశాడు గదా. మనం కనబడే వైపు మాత్రం పూస్తాము, తుప్పు కనబడని వైపునుండి వస్తుంది. బ్రష్షుతో వేసిన ప్రైమరును రెండు మూడు రోజులు బాగా గట్టిపడనివ్వాలి. పచ్చిగా ఉండగానే స్ప్రే కొడితే అందులోని ద్రావకం కింది పొరను ముడతలు పెడుతుంది. గట్టిపడ్డాక 320 కాగితంతో తేలికగా రుద్ది, పొడి తుడవాలి. జింకు పూత ఉన్న రేకులకు మాత్రం ఈ పద్ధతి చాలదు, వాటికి వేరే ప్రైమరు అడిగి తీసుకోవాలి.

స్ప్రే డబ్బా సంగతికి వస్తే, ఇది అమెరికాలో 1949లో ఎడ్వర్డ్ సేమోర్ అనే రంగుల వ్యాపారి చేసినది. ఆ ఆలోచన ఆయన భార్య బానీ ఇచ్చినదట. లోపల చిన్న గోళీ ఉంటుంది. అది గలగలలాడడం మొదలయ్యాక కూడా ఒకటి రెండు నిమిషాలు ఊపాలి, రంగు అడుగున పేరుకొని ఉంటుంది గనుక. వస్తువుకు జానెడు దూరం, అంటే ఎనిమిది నుండి పది అంగుళాలు. వస్తువు అంచుకు బయట నొక్కి, చెయ్యి ఆపకుండా దాటించి, అవతలి అంచు దాటాక వదలాలి. మధ్యలో ఆగితే రంగు కారుతుంది. ఒక వరుస మీద రెండవ వరుస సగం ఎక్కాలి.

మొదటి పూత పొగమంచు పట్టినంతే ఉండాలి, కింద ఎరుపు కనబడుతూనే ఉంటుంది. చూసి ఓర్వలేక ఇంకాస్త కొడతాము, అక్కడే చెడుతుంది. పది పదిహేను నిమిషాలు ఆగి మరొకటి, మళ్ళీ ఆగి మరొకటి. మూడు నాలుగు పలుచని పూతలు ఒక దట్టమైన పూత కంటే ఎంతో మేలు. దట్టంగా వేస్తే పైన చర్మం కట్టి లోపల పచ్చిగా ఉంటుంది. తరువాతి పూత ఎప్పుడు వేయాలో డబ్బా మీద రాసి ఉంటుంది. కొన్ని రంగులకు గంటలోపు వేయాలి, లేదా ఒకటి రెండు రోజులు ఆగాలి. మధ్యలో వేస్తే ముడతలు వస్తాయి.

మన వైపు కాలం కూడా చూసుకోవాలి. వానాకాలపు చెమ్మలో రంగు తెల్లగా పాలిపోతుంది. మే నెల ఎండలో రంగు గాలిలోనే ఆరిపోయి ఇసుక చల్లినట్టు పడుతుంది. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు, మంచు ఆరాక పది గంటలనుండి మూడింటిలోపు, నీడలో, గాలి విసురు లేని చోట మంచిది. డబ్బాలో రంగును తోసేది తరచుగా మన వంట గ్యాసు వంటిదే, కాబట్టి పొయ్యికి, బీడీకి దూరం. ఇంటిలోపల వద్దు. ముక్కుకు గుడ్డ కడితే తుంపరలు ఆగుతాయి గాని ఆవిరి ఆగదు, మధ్యమధ్య పక్కకు జరిగి గాలి పీల్చండి. ఖాళీ డబ్బాను మంటలో వేస్తే పేలుతుంది. పని అయ్యాక డబ్బాను తలకిందులుగా పట్టి గ్యాసు మాత్రమే వచ్చేవరకు నొక్కితే మూతి పూడిపోదు.

సైకిలుకు వేసేవారు గొలుసును, బేరింగులను, బ్రేకు రాసుకునే చక్రపు అంచును కాగితం, టేపు చుట్టి కాపాడండి. ట్రంకు పెట్టెలు, గేట్ల వంటి పెద్ద వాటికి నా మాట వింటే స్ప్రే వద్దు, బ్రష్షుతో వేసే ఎనామెలే చవక. అల్లిక స్టాండుకు కొట్టినదానిలో సగం రంగు సందుల్లోంచి గాలిలోకి పోయింది. రెండు డబ్బాలనుకున్నది నాలుగు పట్టింది.

చేతికి అంటనంత మాత్రాన రంగు గట్టిపడినట్టు కాదు. ఆ సహోదరికి పని ఆగిపోతున్నదని తెలిసినా స్టాండును వారం రోజులు మా వరండాలోనే ఉంచాను. అన్నాళ్ళూ ఆమె మిషను తలకాయను చెక్కపెట్టె మీద పెట్టుకొని, చేతితో చక్రం తిప్పుతూ కుట్టింది. తిరిగి బిగించిన రోజు ఆమె కాలిపలక తొక్కి చూసి, లేచి, తెల్లగుడ్డ ఒకటి తెచ్చి కాళ్ళూ అల్లికా అంతా గట్టిగా తుడిచింది. గుడ్డను వెలుతురుకు పట్టి రెండు వైపులా చూసింది. ఏమీ అంటలేదు. అప్పుడు నాకు టీ పెట్టింది.