క్లచ్ మారుస్తున్నారా? ఫ్లైవీల్ అప్‌గ్రేడ్ సంగతి ముందే తేల్చుకోండి

పోయిన నెల ఒక శనివారం మధ్యాహ్నం మెకానిక్ అన్న ఫోన్ చేశాడు. "గేర్‌బాక్స్ దింపేశాం సార్. క్లచ్ ప్లేట్ పూర్తిగా అరిగిపోయింది. ఫ్లైవీల్ కూడా మార్చేద్దామా? సాయంత్రంలోపు చెప్పండి." ఫోన్ కొనాలంటే మూడు వారాలు రివ్యూలు చదివే నాకు, దాదాపు ఒక మిడ్‌రేంజ్ ఫోన్ ఖరీదు చేసే పార్ట్ గురించి ఆలోచించుకోవడానికి దొరికింది నాలుగు గంటలు.

ఆ తొందరకి కారణం ఉంది. ఫ్లైవీల్ ఉండేది ఇంజిన్‌కీ క్లచ్‌కీ మధ్యలో. దాన్ని ముట్టుకోవాలంటే గేర్‌బాక్స్ దింపాల్సిందే. ఇప్పుడు వదిలేసి ఆరు నెలల తర్వాత మారిస్తే ఆ లేబర్ అంతా మళ్లీ కట్టాలి.

నా మొదటి ఆలోచన లైట్‌వెయిట్ ఫ్లైవీల్. యూట్యూబ్‌లో చూసే ఉంటారు, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టగానే ఆర్‌పీఎం సూది ఎగిరి పడుతుంది. అది నిజమే. కానీ దానివల్ల హార్స్‌పవర్ పెరగదు. ఫోన్ భాషలో చెప్పాలంటే టచ్ శాంప్లింగ్ రేట్ పెరిగింది, ప్రాసెసర్ మాత్రం పాతదే. ఆ తేడా కూడా ఫస్ట్ గేర్‌లో తెలిసినంతగా టాప్ గేర్‌లో తెలీదు.

అసలు ఆ బరువు ఎందుకు పెట్టారో చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ ఒక్కసారి తిరిగేలోపు వచ్చే పవర్ స్ట్రోక్‌లు రెండే. 800 ఆర్‌పీఎం దగ్గర అంటే సెకనుకి సుమారు 27. ఆ కుదుపుల మధ్య ఇంజిన్ ఆగకుండా తిప్పేది ఫ్లైవీల్‌లో దాచుకున్న శక్తే, ఒక చిన్న పవర్‌బ్యాంక్ అనుకోండి. బీటెక్‌లో చదివిన ఫార్ములా ఒకసారి గుర్తు తెచ్చుకుంటే, ఆ శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే 3000 ఆర్‌పీఎం దగ్గర ఉన్న దాంట్లో 800 దగ్గర మిగిలేది 14వ వంతే! అసలే తక్కువున్న చోట ఫ్లైవీల్ జడత్వాన్ని కూడా సగానికి తగ్గిస్తే, మిగిలేది అందులో సగం. ట్రాక్ మీద ఎప్పుడూ పై ఆర్‌పీఎంలో ఉంటారు కాబట్టి వాళ్లకి నడుస్తుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ మధ్యలో ఆగి, వెనక బస్సు హారన్ కొడుతుంటే క్లచ్ వదిలే మనకి బండి ఆఫ్ అయిపోతుంది. పైగా వారంలో ఐదు రోజులు ఈ కారు నడిపేది మా నాన్న. ఆయనకి మోకాలి నొప్పి. ఆ ఐడియా అక్కడితో పోయింది.

రెండోది మెకానిక్ అన్న సలహా. మాది పదేళ్ల డీజిల్ బండి, అందులో ఉన్నది డ్యూయల్ మాస్ ఫ్లైవీల్. అంటే ఒకే చక్రం కాదు, రెండు. మధ్యలో గ్రీజులో ఉండే స్ప్రింగ్‌లు డీజిల్ ఇంజిన్ కుదుపులని గేర్‌బాక్స్ దాకా వెళ్లకుండా మింగేస్తాయి. "అది తీసేసి సింగిల్ మాస్ కిట్ వేద్దాం సార్, చవక, గట్టిది" అన్నాడు. తప్పుడు సలహా అనను, స్ప్రింగ్‌లు లేని చక్రంలో పాడయ్యేది తక్కువే. కానీ ఆ కిట్‌లో కుదుపులు ఆపే పని మొత్తం క్లచ్ ప్లేట్‌లోని చిన్న స్ప్రింగ్‌ల మీద పడుతుంది. వాటికి కదిలే చోటు తక్కువ. అందుకే కొన్ని బండ్లలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు గేర్‌బాక్స్ గడగడమంటుంది. రోజూ గంటన్నర ఆ చప్పుడు వినడం నావల్ల కాదు.

మరి పాతదే ఉంచేయొచ్చా? దానికి చెకింగ్ ఉంది. రెండు చక్రాల మధ్య ఎన్ని డిగ్రీల ఆట ఉందో, పక్కలకి ఎంత ఊగుతుందో కొలిచి, ఆ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన లిమిట్‌తో పోల్చాలి. గ్రీజు కారిందా, వేడికి నీలం మచ్చలు పడ్డాయా అని కూడా చూడాలి. వీడియో కాల్‌లో చూపించమన్నాను. మా దాంట్లో ఆట లిమిట్ దాటేసింది, అంచున గ్రీజు కూడా కనిపించింది. అందుకే అదే రకం డ్యూయల్ మాస్ కొత్తది వేయించాను. లిమిట్‌లోనే ఉండి ఉంటే ఒక్క రూపాయి పెట్టేవాడిని కాదు. కొత్త ఫోన్ ఇంకో ఆరు నెలలు ఆగాలి, అంతే.

మీ బండిలో సింగిల్ మాస్ ఉంటే ఇంత తలనొప్పి లేదు. పగుళ్లు లేకపోతే, మందం లిమిట్‌లోనే ఉంటే, లేత్ మీద ఫేసింగ్ చేయించి మళ్లీ బిగించొచ్చు. డ్యూయల్ మాస్‌కి మాత్రం ఎవరైనా లేత్ అంటే వద్దనండి. ఏది వేయించినా రిలీజ్ బేరింగ్ కొత్తది అడగండి, క్రాంక్‌షాఫ్ట్ వెనక ఆయిల్ సీల్ చూపించమనండి. ఫ్లైవీల్ బోల్ట్‌లు చాలా బండ్లలో ఒక్కసారి వాడేవే, బిగించేటప్పుడు సాగుతాయి. మా అన్న పాతవే వేయబోయాడు, పక్కనే ఉన్నాను కాబట్టి ఆపాను.