శబ్దచిత్రముల ప్రోగ్రాము విద్య: దాని పాఠ్యసాధనములు

గ్రామవృద్ధులారా, పెద్దలారా!

నేటి ప్రసంగవిషయము పేరు వినుటకు క్రొత్తగా నుండవచ్చును. కాని దాని ప్రయోజనము మన యిండ్లలోనికే వచ్చియున్నది. కావలి మొదలు కృష్ణపట్నము వరకు గల మన తీరగ్రామములలో ఫోను లేని యిల్లు అరుదు. ఆ ఫోనులో పాట వినబడును, బొమ్మ కనబడును, చలనచిత్రము నడచును, తెలుగక్షరము నిలుచును. ఈ నాలుగింటిని ఒక్కచోట కూర్చి నడపు సాఫ్టువేరునకు మల్టీమీడియా సాఫ్టువేరని పేరు. దానిని వ్రాయువారు ప్రోగ్రామరులు. మన పిల్లలలో కొందఱు ఈ విద్య నేర్తుమని బయలుదేరుచున్నారు. వారిని హైదరాబాదు అమీరుపేటలోని శిక్షణశాలలకో, చెన్నపట్టణమునకో పంపుటకు తల్లిదండ్రులు పంటమీద అప్పు తెచ్చుటయు కలదు. ఏమి చదివిన ఈ విద్య వచ్చును? అది యెచ్చట దొరకును? ఎంత వ్యయమగును? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే నా యుద్దేశము.

మొదట ఒక భేదమును గ్రహింపవలెను. పడవ నడపుట వేఱు, పడవ కట్టుట వేఱు. బొమ్మలను దిద్దుటకును, పాటలను కత్తిరించుటకును సిద్ధమైన సాఫ్టువేరును వాడ నేర్చుట పడవ నడపుట వంటిది. అట్టి సాఫ్టువేరును వ్రాయుట పడవ కట్టుట వంటిది. రెండును గౌరవనీయములే. కాని మొదటిది నేర్పి రెండవదాని రుసుము పుచ్చుకొనువారు గలరు. పిల్లవానికి కావలసినది ఏదియో ముందుగా నిర్ణయించుకొనక రూకలు చెల్లింపరాదు.

ఇక నీ విద్య యొక్క స్వరూపమును వినుడు. కంప్యూటరు అంకెలనే యెఱుగును. శబ్దము గాలిలోని కదలిక. ఆ కదలికను సెకనునకు అనేక పర్యాయములు కొలిచి, కొలతలను వరుసగా వ్రాసికొనినయెడల శబ్దము అంకెలుగా మాఱును. ఎన్ని మాఱులు కొలువవలెను? వల కన్ను పెద్దదైన చిన్న చేప జాఱిపోవునట్లు, కొలతలు తక్కువైన సన్నని స్వరములు జాఱిపోవును. మానవుని చెవి సెకనునకు సుమారు 20,000 కంపనముల వరకు వినగలదు. కావున అందులకు రెట్టింపునకు పైగా కొలువవలెను. పాటల సీడీలలో సెకనునకు 44,100 మాఱులు కొలుతురు. ఒక్కొక్క కొలతకు రెండు బైట్లు, కుడియెడమలకు రెండు వరుసలు. లెక్క వేయుడు: ఒక్క నిమిషపు పాటకు 1,05,84,000 బైట్లు కావలెను.

చిత్రమో, ముగ్గు చుక్కలవలె అమర్చిన రంగుచుక్కల సమూహము. అడ్డముగా 1,920 చుక్కలు, నిలువుగా 1,080 చుక్కలు గల చిత్రమునందు మొత్తము 20,73,600 చుక్కలుండును. చుక్కకు మూడు బైట్ల చొప్పున సెకనునకు 25 చిత్రములు నడపినచో ఒక్క సెకనునకే 15 కోట్ల 55 లక్షల బైట్లు దాటును. ఇంత భారమును ఏ ఫోను మోయగలదు? ఏ తీగ తేగలదు?

ఇచ్చటనే ఈ విద్యలోని ముఖ్యరహస్యమున్నది. ఇస్కపల్లి ఉప్పుమడులను చూచినవారికి దానిని వివరించుట సులభము. సముద్రజలములో నూటికి సుమారు మూడున్నర పాళ్లు మాత్రమే ఉప్పు. తక్కినది ప్రాయికముగా నీరు. నీటిని ఎండకు విడిచి ఉప్పును గ్రహింతుము. అట్లే శబ్దమునందును చిత్రమునందును చెవికిని కంటికిని అంతగా పట్టని భాగము పెద్దది. దానిని విడిచి, పట్టు భాగమును నిలుపుకొనవచ్చును. ఎంపీత్రీ యను పద్ధతిచే పైన చెప్పిన నిమిషపు పాట సామాన్యముగా 9,60,000 బైట్లలో, అనగా ఇంచుమించు పదునొకండవ పాలులో, ఇమిడిపోవును.

విడువదగినది ఏది, నిలుపదగినది ఏది యను వివేకము గణితము వలన వచ్చినది. బెంగుళూరున జన్మించిన నాసిర్ అహమ్మదు అను ఆచార్యుడు అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున పనిచేయుచు 1972లో నొక గణితపద్ధతిని ఊహించెను. అందులకై ద్రవ్యసాహాయ్యము కోరగా అచ్చటి విజ్ఞానసంస్థ యీయలేదు. అయినను ఆయన పని మానలేదు. తన శిష్యుడు నటరాజన్‌తోను, టెక్సాసులోని ఆచార్యుడు కామిశెట్టి రామమోహనరావుతోను కలిసి 1974 జనవరిలో ఆ పద్ధతిని ప్రకటించెను. దానికి ఆంగ్లమున డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫారమ్ అని పేరు. కామిశెట్టి యను నింటిపేరు తెలుగువారికి పరిచితమైనదే. రామమోహనరావుగారు చెన్నపట్టణములోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, పిదప అమెరికా వెళ్లి, ఆర్లింగ్టనులోని విశ్వవిద్యాలయమున చిరకాలము బోధించి, 2021లో కీర్తిశేషులైరి. 1992లో నిర్ణయింపబడిన జేపెగ్ అను ఛాయాచిత్ర పద్ధతికి ఈ గణితమే ఆధారము. అందు చిత్రమును ఎనిమిదింటికి ఎనిమిది చొప్పున 64 చుక్కల గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలోని మెల్లని మార్పులను వేఱుగాను, త్వరితమైన మార్పులను వేఱుగాను లెక్కింతురు. మెల్లని మార్పులను కన్ను చక్కగా గ్రహించును. త్వరితమైన సన్నని మార్పులను అంతగా గ్రహింపదు. కావున వానిలో పెక్కింటిని విడిచిపెట్టుదురు. మీ మనుమరాలు పంపు ఛాయాచిత్రము మీ ఫోనునకు క్షణములో చేరుటకు ఇదియొక ముఖ్యకారణము.

దీనిని బట్టి మొదటి పాఠ్యసాధనము ఏదియో తేలినది: గణితము. త్రికోణమితియు, శ్రేఢులును, మాత్రికలును రానివానికి ఈ విద్య పైపూతయే యగును. రామమోహనరావుగారు యిప్ అను పండితునితో కలిసి 1990లో ఈ పద్ధతిపై నొక గ్రంథమును ప్రకటించిరి. ముందుకు సాగిన విద్యార్థులకు అది యుపయోగించును. ప్రారంభకులకు మన దేశమునందే మంచి యుపాయము గలదు. ఏడు ఐఐటీలును, బెంగుళూరు విజ్ఞానసంస్థయు చేరి 2003లో ఎన్‌పీటెల్ అను పేర పాఠములను చిత్రీకరించుట ప్రారంభించిరి. వానిని చూచుటకు రుసుము లేదు. పరీక్ష వ్రాసి యోగ్యతాపత్రము కోరువారు మాత్రమే పరీక్షారుసుము కట్టవలెను.

రెండవ సాధనము మూలగ్రంథ పఠనము. ఇచ్చట మన పూర్వపద్ధతియే మేలు. కావ్యమును చదువునపుడు మూలమును ముందుంచుకొని, పదవిభాగము చేసి, అన్వయము కుదిర్చి, తాత్పర్యము గ్రహింతుము. ప్రోగ్రామునకును మూలము గలదు. కొందఱు దానిని దాచుదురు. కొందఱు లోకమున కర్పింతురు. పారిసు నగరసమీపమున నొక కళాశాలలో విద్యార్థులు 1996లో ప్రారంభించిన వీఎల్‌సీ అను చలనచిత్రములాడించు సాఫ్టువేరు యొక్క మూలమును 2001లో అందఱికి విడిచిపెట్టిరి. ఫాబ్రీస్ బెల్లార్డు అను ఫ్రెంచి ప్రోగ్రామరు 2000లో ప్రారంభించిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ మూలము కూడ అట్టిదే. శబ్దచిత్రములను ఒక రూపము నుండి మఱియొక రూపమునకు మార్చు సాఫ్టువేరులనేకములు దానిపై నాధారపడియున్నవి. బొమ్మలకు చలనము కల్పించు బ్లెండరు అను దాని కథ మఱియు వినదగినది. దానిని అమ్ముచుండిన సంస్థ మూతపడగా, 2002లో అభిమానులు ఏడు వారములలో లక్ష యూరోలు చందాలెత్తి, మూలమును విడిపించి లోకపరము చేసిరి. మనము చందాలతో గుడి కట్టుదుము. వారు చందాలతో నొక విద్యాసాధనమును విడిపించిరి.

మూలము దొరకిన చాలదు, చదువు క్రమము కావలెను. మొదట చిన్న భాగమును గైకొని, ప్రతి పంక్తియు ఏమి చేయుచున్నదో పుస్తకములో వ్రాసికొనవలెను. పిదప ఒక్క పంక్తిని మాత్రమే మార్చి ఫలితమును చూడవలెను. పది పంక్తులు ఒక్కసారి మార్చినవానికి ఏ మార్పు వలన ఏమి జరిగినదో తెలియదు.

మూడవ సాధనము మాతృభాషలోని పాఠము. ఆంగ్లము రానందున వెనుకబడిన బుద్ధిమంతులు మన పల్లెలలో ననేకులు. బొంబాయి ఐఐటీవారు స్పోకెన్ ట్యుటోరియల్ అను పేర సుమారు పది నిమిషముల చిన్న పాఠములను సిద్ధపఱచి, తెలుగుతో సహా భారతీయ భాషలలోనికి వానిలో పెక్కింటి మాటలను మార్చియుంచిరి. ప్రోగ్రాములు వ్రాయు భాషలును, బొమ్మలు దిద్దుటయు, శబ్దమును సవరించుటయు వానిలో గలవు. పాఠమును ఒకప్రక్క ఆడించుచు, రెండవప్రక్క తానును చేయుచు పోవుటయే వారి పద్ధతి. చేయక వినువానికి ఫలము లేదు.

నాలుగవ సాధనము మీరే. ఇది స్తుతివాక్యము కాదు. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థవారి ఫోనులలో నొక వింత జరిగినది. జ్ఞానము అను మాటకు మొదటిదైన జ్ఞా యను నక్షరము, కంటికి కనబడని యొక గుర్తుతో కలిసి సందేశములో వచ్చినంతనే ఆ సాఫ్టువేరు స్తంభించిపోయినది. ఆ నెలలోనే వారు దానిని సవరించిరి. కారణమేమి? యూనికోడు అను సర్వలిపి వ్యవస్థలో 1991 నుండి తెలుగునకు 128 స్థానములు గలవు. అందు జ్ఞా యను నక్షరమునకు వేఱుగా స్థానము లేదు. జకారము, పొల్లు, ఞకారము, దీర్ఘము అను నాలుగింటిని వరుసగా ఉంచినచో సాఫ్టువేరు వానిని కలిపి యొక్క యక్షరముగా గీయవలెను. ఆ కూర్పులో నొక సందర్భమును ఊహింపనందున యంత్రము తడబడినది. చలనచిత్రము క్రింద తెలుగు మాటలు చూపు ప్రోగ్రాములకును ఇదే పరీక్ష. ఎచ్చట అక్షరము ముగియును, ఎచ్చట పంక్తిని విఱువవచ్చును, ఒత్తు ఎచ్చట నిలుచును అనునవి తెలుగు చదివినవాడు చెప్పవలసినవి.

ఉచ్చారణము విషయమును అంతియే. మాటను విని వ్రాయు యంత్రములు నేడు వచ్చియున్నవి. అవి వినిన గొంతులనుండియే నేర్చుకొనును. నగరవాసుల గొంతులు మాత్రమే వినిన యంత్రమునకు మన రేవులోని మాట అర్థము కాదు. 2022లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన భాషిణి యను ప్రయత్నములో, ఇష్టమున్నవారు తమ గొంతును దానముగా నిచ్చు మార్గము గలదు. చేపల పేర్లు, వలల పేర్లు, గాలుల పేర్లు తెలిసిన పెద్దలు పలుకకున్నచో, ఆ మాటలు యంత్రమునకు లేనివే యగును; యంత్రముతోనే పని జరుపుకొను మన మనుమలకును క్రమముగా లేనివగును.

కావున పిల్లవానిని శిక్షణశాలకు పంపుటకు పూర్వము మీరు మూడు ప్రశ్నలడుగుడు. సాఫ్టువేరు వాడుట నేర్పుదురా, వ్రాయుట నేర్పుదురా? గణితమునకు ఎన్ని దినములు? ప్రోగ్రామును మూలముతో చదివింతురా? ఉత్తరములు స్పష్టముగా లేనియెడల ఆ రూకలను నిలుపుకొని, ఒక కంప్యూటరును, సంవత్సరకాలపు తీరికయు, నేను చెప్పిన పాఠములును పిల్లవానికి సమకూర్పుడు. ప్రతి సాయంకాలమును ఆనాడు నేర్చినది మీకు తెలుగులో వివరింపుమనుడు. మీకు అర్థమగునట్లు చెప్పగలిగిననాడు వానికి విద్య వచ్చినట్లు. చెప్పలేకున్నచో మఱునాడు ఆ పాఠమునే తిరిగి చదువవలెను.