ఇంట్లోనే రీలు కడగడం: చీకట్లో జరిగే వెండి రసాయనం

చాలా ఇళ్లలో బీరువా అడుగున పాత కెమెరాతో పాటు ఒకటి రెండు కడగని రీళ్లు ఉంటాయి. ఏ పెళ్లిలోనో, తిరుపతి ప్రయాణంలోనో తీసినవి. స్టూడియోకి ఇద్దాం, ఇద్దాం అనుకుంటూనే ఏళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు ఇద్దామన్నా దగ్గరలో డార్క్‌రూమ్ ఉన్న స్టూడియో కనిపించదు. ఆ రీల్లో ఉన్న మనుషుల్లో కొందరు కూడా ఇప్పుడు మన మధ్య లేకపోవచ్చు.

మరోవైపు, తాతగారి కెమెరాను దుమ్ము దులిపి మళ్లీ రీలు వేస్తున్న యువత కూడా ఉంది. ఇద్దరి ప్రశ్నా ఒకటే: రీలును ఇంట్లో కడుక్కోవచ్చా? నలుపు తెలుపు ఫిల్మ్ అయితే నిస్సందేహంగా కడుక్కోవచ్చు. ఒక చిన్న ట్యాంకు, ఒక థర్మామీటరు, ఒక గడియారం, మూడు సీసాల ద్రావణాలు చాలు. అయితే డిజిటల్ ఫొటోలా ఇందులో రెండో అవకాశం లేదు. ఒక్కసారి పొరపాటు జరిగితే 36 ఫొటోలూ పోయినట్టే. అందుకే లోపల ఏం జరుగుతోందో తెలిసి చేయడం అవసరం.

తెలుగులో దీన్ని ‘రీలు కడగడం’ అంటాం. నిజానికి నీళ్లతో కడిగేది చివరి దశ మాత్రమే. అసలు పని అంతకుముందే, చీకట్లో, వెండితో జరుగుతుంది.

కంటికి కనిపించని బొమ్మ

ఫిల్మ్ అంటే పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన పలుచని జిలాటిన్ పొర. ఆ జిలాటిన్‌లో సిల్వర్ హాలైడ్ స్ఫటికాలు, ముఖ్యంగా సిల్వర్ బ్రోమైడ్, లెక్కలేనన్ని పొదిగి ఉంటాయి. కెమెరా షట్టర్ తెరుచుకున్న క్షణంలో కాంతి కణాలు ఈ స్ఫటికాలను తాకుతాయి. విడుదలైన ఎలక్ట్రాన్లను వెండి అయాన్లు అందుకుని వెండి పరమాణువులుగా మారతాయి. ఒక స్ఫటికంలో నాలుగైదు వెండి పరమాణువులు ఒకచోట గుంపుగా చేరితే చాలు, ఆ స్ఫటికం కాంతిని ‘చూసినట్టు’ లెక్క. ఈ ప్రక్రియను భౌతికశాస్త్రవేత్తలు గర్నీ, మాట్ 1938లో సిద్ధాంతపరంగా వివరించారు.

నాలుగైదు పరమాణువుల గుంపు ఏ సూక్ష్మదర్శినికీ సులువుగా దొరకదు. అందుకే దీన్ని గుప్త ప్రతిబింబం అంటారు. బొమ్మ అక్కడ ఉంది, కానీ కనిపించదు. దాన్ని రసాయనాలతో బయటికి తేవచ్చని విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1840లో ఇంగ్లండ్‌లో గుర్తించాడు. అంతవరకు కాగితం మీద బొమ్మ దానంతటదే కనిపించేవరకు ఎండలో చాలాసేపు ఉంచాల్సి వచ్చేది. గుప్త ప్రతిబింబం తెలిశాక ఆ సమయం బాగా తగ్గిపోయింది.

డెవలపర్ అనే ద్రావణం చేసేది ఈ గుంపులను పెద్దవి చేయడమే. అది ఒక క్షయకరణి, అంటే ఎలక్ట్రాన్లను ఇచ్చే పదార్థం. కాంతి తగిలిన స్ఫటికంలోని వెండి గుంపు ద్వారా ఎలక్ట్రాన్లు లోపలికి ప్రవేశిస్తాయి. అప్పుడు ఆ స్ఫటికంలోని వందల కోట్ల వెండి అయాన్లన్నీ నల్లటి లోహపు వెండిగా మారిపోతాయి. కాంతి తగలని స్ఫటికాలు కూడా చివరికి ఇలాగే మారతాయి, కానీ చాలా నెమ్మదిగా. ఈ రెండు వేగాల మధ్య తేడాయే ఫొటో. అందుకే ఇక్కడ సమయానికి, ఉష్ణోగ్రతకు అంత విలువ.

డార్జిలింగ్ కొండల్లో ఉంచిన ప్లేట్లు

ఈ పొర గుర్తుపెట్టుకునేది వెలుతురును మాత్రమే కాదు. 1896లో పారిస్‌లో హెన్రీ బెకరల్, ఎండ లేక సొరుగులో పెట్టేసిన ఫొటో ప్లేటును డెవలప్ చేశాడు. పక్కనే ఉన్న యురేనియం లవణం ఆకారం దాని మీద స్పష్టంగా కనిపించింది. రేడియోధార్మికత అలా బయటపడింది.

మన దేశంలోనూ అలాంటి అధ్యాయం ఒకటి ఉంది. కోల్‌కతాలోని బోస్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన దేవేంద్ర మోహన్ బోస్, బిభా చౌధురి ఫొటో ప్లేట్లను డార్జిలింగ్, సందక్‌ఫూ వంటి ఎత్తయిన ప్రదేశాల్లో నెలల తరబడి ఉంచారు. తర్వాత వాటిని డెవలప్ చేసి, విశ్వకిరణాలు వదిలిన వెండి చుక్కల గీతలను సూక్ష్మదర్శినితో కొలిచారు. ఎలక్ట్రాన్‌కు సుమారు 200 రెట్లు ద్రవ్యరాశి ఉన్న కణాల జాడలను వారు 1940ల మొదట్లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించారు. యుద్ధకాలం కావడంతో ఇంకా మెరుగైన ప్లేట్లు వారికి అందలేదు. తర్వాత మెరుగైన ప్లేట్లతో ఇదే మార్గంలో పనిచేసిన సెసిల్ పావెల్‌కు 1950లో నోబెల్ బహుమతి దక్కింది.

ఇంట్లో రీలు కడిగేవారు వాడేది కూడా ఈ రసాయన శాస్త్రాన్నే.

ఎర్ర బల్బు పనికిరాదు

సినిమాల్లో డార్క్‌రూమ్ అనగానే ఎర్ర దీపం చూపిస్తారు. అది ప్రింటు వేసే కాగితానికి సంబంధించినది. ఆ కాగితానికి ఎరుపు కనిపించదు. కెమెరాలో వేసే మామూలు నలుపు తెలుపు ఫిల్మ్‌కు మాత్రం అన్ని రంగులూ కనిపిస్తాయి. ఎర్ర దీపం కింద రీలు తెరిస్తే అంతా నల్లబడిపోతుంది.

కటిక చీకటి కావలసింది కాసేపే. రీలును డబ్బాలోంచి తీసి, చుట్టుకి ఎక్కించి, ట్యాంకులో పెట్టి మూత బిగించేవరకు చాలు. ఆ తర్వాత పనంతా వెలుతురులోనే చేయవచ్చు. ట్యాంకు మూత ద్రావణాన్ని లోపలికి పోనిస్తుంది, కాంతిని పోనివ్వదు. చేతులు దూర్చే నల్లటి సంచి ఉంటే మంచిది. లేకపోతే రాత్రిపూట కిటికీ లేని గదిలో, తలుపు కింద దుప్పటి అడ్డం పెట్టి చేయవచ్చు. ఐదు నిమిషాలు చీకట్లో నిలబడ్డాక కూడా సొంత చెయ్యి కనిపిస్తే ఆ గది పనికిరాదు. చుట్టుకి ఎక్కించడం ముందుగా ఒక పాడైన రీలుతో, కళ్లు మూసుకుని పదిసార్లు సాధన చేయాలి. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

20 డిగ్రీలు ఎక్కడ, మన కుళాయి ఎక్కడ

ప్రపంచంలో ఎక్కువగా వాడిన డెవలపర్లలో ఒకటి డి-76. కొడాక్ సంస్థ 1927లో దీన్ని తెచ్చింది. దీని పాళ్లు రహస్యమేమీ కాదు. లీటరు ద్రావణానికి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. మెటాల్, హైడ్రోక్వినోన్ వెండిని బయటికి తెస్తాయి. సల్ఫైట్ వాటిని గాలికి పాడవకుండా కాపాడుతుంది. బోరాక్స్ తగినంత క్షారతను ఇస్తుంది. మెటాల్‌ను ముందు కరిగించాలి. సల్ఫైట్ అంతా ముందే వేసేస్తే మెటాల్ కరగదు.

డెవలపర్ పొట్లాల మీద ఇచ్చే సమయాలు సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్‌కు లెక్కించినవి. విజయవాడలోనో, కరీంనగర్‌లోనో మే నెలలో మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీరు అంతకన్నా ఎంతో వేడిగా ఉంటుంది. డిగ్రీ పెరిగిన కొద్దీ డెవలప్ సమయం దాదాపు పదో వంతు తగ్గించాలి. ఉదాహరణకు 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు పట్టే ఫిల్మ్‌కు 24 డిగ్రీల దగ్గర సుమారు 9 నిమిషాలు సరిపోతాయి. ఇంకా వేడెక్కితే సమయం 5 నిమిషాల కన్నా తగ్గిపోయి, ఫిల్మ్ అంతటా సమానంగా డెవలప్ కాకపోవచ్చు. జిలాటిన్ మెత్తబడి గోరు తగిలినా గీత పడుతుంది.

దీనికి ఏసీ గది అక్కర్లేదు. ఒక పెద్ద టబ్బులో నీళ్లు పోసి, ఐసు ముక్కలు వేసి, సీసాలను అరగంట ముందే అందులో నిలబెట్టాలి. రాత్రి మట్టి కుండలో పట్టి ఉంచిన నీళ్లు కూడా బాగా ఉపయోగపడతాయి. డెవలపర్ ఒక్కటే చల్లగా ఉంటే చాలదు. మిగతా ద్రావణాలు, కడిగే నీళ్లు కూడా రెండు మూడు డిగ్రీల తేడాలోనే ఉండాలి. చల్లటి ద్రావణం నుంచి తీసి ఒక్కసారిగా వేడి నీళ్లలో వేస్తే జిలాటిన్ ముడతలు పడవచ్చు.

ద్రావణం పోశాక మొదటి 30 సెకన్లు ట్యాంకును నెమ్మదిగా తలకిందులు చేస్తూ ఉండాలి. తర్వాత ప్రతి నిమిషానికి 10 సెకన్లు చాలు. ప్రతిసారీ ట్యాంకును బల్ల మీద తట్టాలి. లేకపోతే ఫిల్మ్‌కు అంటిన గాలి బుడగలు ఫొటోల మీద గుండ్రటి మచ్చలుగా మిగులుతాయి.

ఆపడం, నిలపడం, కడగడం

సమయం కాగానే డెవలపర్‌ను పారబోసి, పలుచటి ఆమ్లం పోయాలి. కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్ ఒక వంతుకు మూడు వంతుల నీళ్లు కలిపితే సరిపోతుంది. క్షారంలో పనిచేసే డెవలపర్ ఆమ్లం తగలగానే ఆగిపోతుంది.

తర్వాతది హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్. డెవలప్ కాని సిల్వర్ హాలైడ్ ఇంకా ఫిల్మ్‌లోనే ఉంటుంది. దాన్ని తీసేయకపోతే వెలుతురులో అది కూడా నల్లబడుతుంది. వెండి లవణాలను ఇది కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే కనుగొన్నాడు. ఎంతసేపు ఉంచాలో తేల్చడానికి తేలికైన పరీక్ష ఉంది. చుట్టుకి ఎక్కించేటప్పుడు కత్తిరించిన ఫిల్మ్ కొసను హైపోలో వేసి, అది పారదర్శకం కావడానికి పట్టే సమయం చూడాలి. దానికి రెట్టింపు సమయం రీలును ఉంచాలి. కొత్త హైపోతో పట్టిన సమయానికి రెట్టింపు పడుతోందంటే ఆ హైపో పని అయిపోయినట్టే.

చివరగా నీళ్లు. కుళాయి కింద గంటసేపు పెట్టాల్సిన పనిలేదు. ట్యాంకులో నీళ్లు నింపి 5 సార్లు తలకిందులు చేసి పారబోయాలి. మళ్లీ నింపి 10 సార్లు, ఇంకోసారి నింపి 20 సార్లు చేయాలి. త్వరగా పనిచేసే రకం హైపో వాడితే ఇది సరిపోతుంది. బోరు నీళ్లలోని లవణాలు ఆరాక తెల్లటి మరకలు వదులుతాయి. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్‌తో చివరిసారి తొలిస్తే ఆ బెడద ఉండదు. తర్వాత ఫ్యాను వేయకుండా, దుమ్ము లేని స్నానాలగదిలో క్లిప్పుతో వేలాడదీయాలి.

హైపో, కడగడం విసుగు పుట్టించే దశలే, కానీ ఫొటో ఆయుష్షు వీటి మీదే ఆధారపడి ఉంటుంది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ స్టూడియో నాటి గాజు నెగటివ్‌లు ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో ఇప్పటికీ ఉన్నాయి. వందేళ్లు దాటినా ఆ మొహాలను చూడగలుగుతున్నామంటే, అప్పట్లో ఎవరో నెగటివ్‌లను ఓపికగా కడిగి ఉండాలి.

కాఫీ పొడితో కూడా

మెటాల్ దొరకని చోట కాఫీ పొడి ఆదుకుంటుంది. 1995లో అమెరికాలోని రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్కాట్ విలియమ్స్, ఆయన విద్యార్థులు కాఫీతో డెవలపర్ తయారుచేశారు. ఇందులో పనిచేసేది కెఫీన్ కాదు, కాఫీలోని కెఫిక్ ఆమ్లం వంటి ఫినాల్ పదార్థాలు. ఇప్పుడు ఎక్కువగా వాడే పాళ్లు లీటరుకు ఇలా ఉంటాయి: నీరు లేని వాషింగ్ సోడా 54 గ్రాములు, విటమిన్ సి పొడి 16 గ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీ 40 గ్రాములు. 20 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు పడుతుంది.

ఇక్కడ రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. బట్టల సోడా బదులు వంట సోడా వేస్తే క్షారత చాలక బొమ్మే రాదు. స్ఫటికాలుగా దొరికే బట్టల సోడాలో నీరు కలిసి ఉంటుంది కాబట్టి 54 గ్రాములకు బదులు సుమారు 146 గ్రాములు వేయాలి. చికోరీ కలిసిన పొడిలో కాఫీ పాలు తక్కువ కనుక ఫలితం మారుతుంది.

తప్పు ఎక్కడ జరిగింది?

ఫిల్మ్ అంచున ఉండే అంకెలు, పేర్లు ఫ్యాక్టరీలోనే కాంతితో ముద్రించినవి. రీలు కడిగాక అవే మంచి సాక్ష్యం. అంచు అంకెలు చక్కగా వచ్చి ఫొటోలు రాలేదంటే కడగడంలో తప్పు లేదు, కెమెరాలో రీలు కదలలేదన్నమాట. అంకెలు కూడా లేకుండా ఫిల్మ్ అంతా పారదర్శకంగా ఉంటే డెవలపర్ పాడైంది, లేదా పొరపాటున ముందే హైపో పోశారు. మొత్తం నల్లగా ఉంటే ఎక్కడో కాంతి తగిలింది. పాలలా తెల్లగా ఉంటే హైపో చాలలేదు. ఈ ఒక్క తప్పును మాత్రం మళ్లీ హైపోలో వేసి సరిదిద్దుకోవచ్చు.

మోరీలో పోయకూడని వెండి

వాడిన హైపోలో రీలు వదిలిన వెండి కరిగి ఉంటుంది. వెండి అయాన్లు నీటి ప్రాణులకు, సెప్టిక్ ట్యాంకులో పనిచేసే సూక్ష్మజీవులకు హానికరం. ఒకప్పుడు స్టూడియోల నుంచి, ఎక్స్‌రే గదుల నుంచి వాడిన హైపోను వెండి తీసేవారు కొనుక్కుని వెళ్లేవారు. ఇంట్లో కడిగేవారు దాన్ని ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోగుచేసి, ఫిల్మ్ ఎక్స్‌రే వాడే ల్యాబులకో, వెండి తిరిగి రాబట్టేవారికో ఇవ్వడం మంచిది. ఆ ద్రావణంలో ఇనుప పీచు వేసి కొన్ని రోజులు ఉంచితే ఇనుము కరిగి, వెండి నల్లటి మడ్డిగా కిందికి దిగుతుంది.

జాగ్రత్తలు మరికొన్ని. మెటాల్ కొందరి చర్మానికి పడదు, తొడుగులు తప్పనిసరి. వంటకు వాడే గిన్నెలు, గరిటెలు వేరు, వీటికి వాడేవి వేరు. శీతల పానీయాల సీసాల్లో ద్రావణాలు పోస్తే పిల్లలు తాగే ప్రమాదం ఉంది. ప్రతి సీసా మీద పేరు, తేదీ రాసి, అందని ఎత్తులో పెట్టాలి. స్నానాలగదిలో ఉండే యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ హైపోకు తగలకూడదు, విషవాయువులు వస్తాయి.

బీరువాలో ఉన్న ఆ రీలు

1990ల తర్వాత తీసిన రీలు చాలావరకు రంగులదే అయి ఉంటుంది. రంగుల ఫిల్మ్‌ను దాదాపు 38 డిగ్రీల దగ్గర, అతి స్వల్ప తేడాతో కడగాలి. అయినా బాగా పాతబడిన రంగుల రీలును నలుపు తెలుపు డెవలపర్‌లో కడిగితే, రంగులు రాకపోయినా బొమ్మ దక్కే అవకాశం ఉంది. ఎందుకంటే రంగుల ఫిల్మ్‌లోనూ ముందుగా కాంతిని పట్టుకునేది వెండే.

అయితే వేడి, తేమ, కాలం ఆ గుప్త ప్రతిబింబాన్ని నెమ్మదిగా చెరిపేస్తూనే ఉంటాయి. అలాగని తొందరపడి అదే రీలుతో పని నేర్చుకోవడం సరికాదు. ముందు కొత్త రీళ్లు రెండు మూడు తీసి, కడిగి, చెయ్యి తిరిగాక దాని జోలికి వెళ్లాలి. అంతవరకు గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచాలి. తీసేరోజు డబ్బా గది ఉష్ణోగ్రతకు వచ్చేవరకు తెరవకూడదు, తేమ పడుతుంది. అది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ తీసిందో పెద్దవాళ్లకు గుర్తుండగానే అడిగి డబ్బా మీద రాసిపెట్టాలి. రీలు కడిగాక మొహాలు కనిపించినా, వాళ్లెవరో చెప్పేవాళ్లు అప్పటికి ఉంటారన్న హామీ లేదు.