‘పన్ను పీకడం’ నుంచి ‘టాక్స్ కట్ అవడం’ దాకా: సైబరాబాద్ నేపథ్యంలో పన్నుల వ్యంగ్యచిత్రాలు

కీలకపదాలు: వ్యంగ్యచిత్రం, శ్లేష, పన్ను, మీమ్, జీఎస్టీ, సైబరాబాద్

ప్రవేశిక

జనం మెచ్చని పన్నును బొమ్మలో చూపాలంటే పుచ్చుకొనేవాడు, ఇచ్చుకొనేవాడు ఇద్దరూ కనిపించాలి. ఫ్రెంచి చిత్రకారుడు దోమియే 1831లో గీసిన ‘గార్గాంటువా’లో లూయీ ఫిలిప్ రాజు నోరు తెరచుకొని కూర్చుంటాడు. ప్రజల సొమ్మును బుట్టల్లో మోసుకొచ్చి, ఏటవాలు బల్లమీదుగా ఎక్కి ఆ నోట్లో పోస్తుంటారు. ఆ బొమ్మకు దోమియేకు ఆరునెలల జైలుశిక్ష పడింది. అక్కడ తెరచిన నోరు పాలకుడిది. తెలుగు శ్లేష మాత్రం పన్ను కట్టేవాడి చేతనే నోరు తెరిపిస్తుంది.

శ్లేష, దాని హద్దులు

‘పన్ను’ దంతమూ అవుతుంది, సుంకమూ అవుతుంది. దంతవైద్యుడి కుర్చీలో సామాన్యుణ్ణి కూర్చోబెట్టి, పట్టకారు ఆర్థికమంత్రి చేతికిస్తే బొమ్మకు వేరే వ్యాఖ్య అక్కరలేదు. అయితే ఈ శ్లేష ప్రథమావిభక్తి ఏకవచనం దాటి నిలవదు. బహువచనంలో దంతాలు ‘పళ్ళు’, సుంకాలు ‘పన్నులు’. దంతార్థంలోని ‘పన్ను’ ఔపవిభక్తికం కనుక ‘పంటి నొప్పి’ అంటాం. రెండోది మార్పు లేకుండా ‘పన్ను భారం’గానే ఉంటుంది. క్రియలు మాత్రం చిత్రకారుడికి తోడుపడతాయి. ‘పీకడం’ సరేసరి. ‘కట్టుడు పళ్ళు’ అన్న మాట ఉంది కనుక ‘కట్టడం’ కూడా రెండువైపులా పనిచేస్తుంది. ‘ఈనాడు’లో శ్రీధర్ ‘ఇదీ సంగతి’ వంటి పాకెట్ కార్టూన్ల ఇరుకు చోటులో ఇటువంటి మాటల విలువ ఎక్కువ.

సైబరాబాద్‌లో మారిన క్రియ

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998 నవంబరు 22న ప్రారంభమైంది. ఆ తర్వాత అక్కడ విస్తరించిన ఐటీ ఉద్యోగుల జీవితంలో వసూలుదారు ఎదురుపడడు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 192వ సెక్షను, జీతం చేతికందక ముందే పన్ను మినహాయించే బాధ్యతను యజమానిపై పెట్టింది. 20 వేలు దాటిన నెలజీతంపై 200 రూపాయల వృత్తిపన్నూ అలాగే పోతుంది. అందుకే ఇక్కడ ‘టాక్స్ కట్టాను’ కన్నా ‘టాక్స్ కట్ అయింది’ అన్న మాటే సహజంగా వినబడుతుంది. చెవికి రెండూ చుట్టాలే, వ్యాకరణం వేరు. మొదటిది సకర్మకం, కట్టినవాడు వాక్యంలోనే ఉన్నాడు. రెండోదానిలో కోసినవాడు లేడు, ఇచ్చినవాడూ లేడు. పేస్లిప్పులో ఒక అంకె మాత్రం ఉంది. పట్టకారు ఎవరి చేతికివ్వాలి?

ఈ ఖాళీలోకి మీమ్ వచ్చింది. బ్రహ్మానందం ముఖకవళిక బాధను క్షణంలో అందిస్తుంది గాని, బాధపెట్టినవాణ్ణి చూపడం దానికి అంతగా చేతకాదు. పైగా సంతకం, తేదీ లేని మీమ్ పరిశోధకుడికి ఆధారంగా నిలవడమూ కష్టమే.

పాప్‌కార్న్, పెరుగు

2024 డిసెంబరు 21న జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ మండలి 55వ సమావేశం వ్యంగ్యానికి మళ్ళీ ఒక వస్తువునిచ్చింది. అప్పటి రేట్ల ప్రకారం ఉప్పూ మసాలా కలిపిన పాప్‌కార్న్ విడిగా అమ్మితే 5 శాతం, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేస్తే 12, చక్కెర చేరిన కారమెల్ అయితే 18 ఉండేది. నిజానికి అది కొత్త పన్ను కాదు, ఉన్న రేట్లకు వివరణ. అయినా నవ్వు పుట్టింది. పేస్లిప్పులో రుచీ రూపమూ లేని పన్నుకు ఇక్కడ తీపి, ఉప్పు వచ్చాయి.

ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన పెరుగుపై 2022 జూలై 18 నుంచి 5 శాతం పన్ను వచ్చింది. గచ్చిబౌలి అపార్టుమెంటులోని ఇంజనీరు కొన్న ప్యాకెట్టుకూ, కింద వాచ్‌మన్ కొన్నదానికీ రేటు ఒకటే. ఐటీ ఉద్యోగి గోడు చుట్టూ తిరిగే హాస్యంలో ఈ రెండో మనిషికి చోటు తక్కువ. అతని కోతను అచ్చువేసే పేస్లిప్పు లేదు. అది ప్యాకెట్టు మీది ఎంఆర్‌పీలోనే కలిసిపోయి ఉంటుంది.